రెడీమేడ్ బట్టలు ఒంటికి ఎందుకు కుదరవు?

ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్న రెండు చొక్కాలకు కాలరు లోపల 40 అనే ఉంటుంది. ఒకటి ఒంటికి చక్కగా అమరుతుంది. రెండోదానికి పొట్ట దగ్గర బొత్తాలు లాగేస్తాయి, లేదా భుజం కుట్టు కిందికి జారిపోతుంది. ఆడవాళ్ల కుర్తీలతో కష్టం ఇంకా ఎక్కువ. ఛాతీకి సరిపోయిన ఎల్ సైజు తుంటి దగ్గర పట్టేస్తుంది. తుంటికి సరిపోతుందని ఎక్సెల్ తీసుకుంటే భుజాలు వేలాడతాయి. ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి చాలామంది తమ ఒంటినే తప్పుపట్టుకుంటారు: పొట్ట పెరిగిందని, చేతులు పొట్టివని, ఒళ్లు ఒక తీరుగా లేదని. ఒకే నంబరు బట్టలు ఇన్ని రకాలుగా ఎందుకుంటాయి? వాటిలో ఒక్కటైనా పూర్తిగా ఎందుకు కుదరదు? జవాబు కొంత గణితంలో ఉంది, కొంత గుడ్డ స్వభావంలో ఉంది, కొంత ఫ్యాక్టరీ పద్ధతిలో ఉంది. మనిషి ఒంట్లో మాత్రం ఏ తప్పూ లేదు.

నంబరు దేన్ని చెబుతుంది?

దర్జీ కుట్టిన చొక్కాకు సైజు అంటూ ఉండదు, కొలతలే ఉంటాయి. మెడ, భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు, చొక్కా పొడవు అన్నీ ఒక మనిషివే. ఎదురుగా లేని మనిషి కోసం ముందే బట్ట కుట్టిపెట్టవలసి వచ్చినప్పుడే సైజు అవసరమైంది. పెద్ద ఎత్తున ఆ అవసరం సైన్యాలకు వచ్చింది. 1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి లక్షల యూనిఫారాలు కావలసి వచ్చాయి. ఒక్కొక్క సైనికుడికి టేపు పట్టే వ్యవధి లేదు. అప్పటికే ఎలియాస్ హోవ్ 1846లో, ఐజాక్ సింగర్ 1851లో కుట్టుమిషన్లకు పేటెంట్లు పొంది ఉన్నారు కాబట్టి కుట్టే వేగం చేతికొచ్చింది. ఎవరికి ఎంత కుట్టాలన్న పట్టికే కావాలి. సైనికుల కొలతలు రాసి చూస్తే కొన్ని కొలతలు పదేపదే జతగా కనిపించాయి. ఆ జతలే సైజులయ్యాయి. యుద్ధం ముగిశాక ఆ అనుభవం మగవాళ్ల రెడీమేడ్ దుకాణాలకు పనికొచ్చింది.

ఈ పద్ధతి కింద ఒక నమ్మకం ఉంది. ఛాతీ చుట్టుకొలత తెలిస్తే మిగతా కొలతలను లెక్కకట్టవచ్చన్నది ఆ నమ్మకం. అది ఎంతవరకు నిజమో తర్వాత చూడవచ్చు. ముందు నంబరు సంగతి తేలాలి. ఇవాళ బట్ట మీద కనిపించే అంకె అన్నిచోట్లా ఒకే కొలతను చెప్పదు. ఆఫీసు చొక్కాల మీద 39, 40, 42 అని ఉంటే చాలా బ్రాండ్లలో అది మెడ చుట్టుకొలత, అదీ సెంటీమీటర్లలో. మామూలు చొక్కాల మీద అదే 40 ఛాతీ కొలత, అంగుళాల్లో. 40 సెంటీమీటర్ల మెడ ఉన్నవారిలో చాలామందికి ఛాతీ కూడా 40 అంగుళాలకు దగ్గరగా ఉండటంతో ఈ రెండు లెక్కలూ కలిసిపోయి, తేడా ఎవరి కంటా పడదు. మెడ సన్నగా, ఛాతీ వెడల్పుగా ఉన్న మనిషికి మాత్రం ఈ గందరగోళం వెంటనే తగులుతుంది.

ప్యాంట్లది మరో తీరు. 32 అని రాసిన ప్యాంటు నడుంపట్టీని టేపుతో కొలిస్తే 33, 34 అంగుళాలు రావడం మామూలే. అది బొడ్డు దగ్గర కాకుండా ఇంకా కిందికి, ఒళ్లు వెడల్పయ్యే చోట నిలిచే ప్యాంటు కావడం ఇందుకు ఒక కారణం. ఎస్, ఎం, ఎల్ అక్షరాలకైతే కొలమానమే లేదు. ఏ కంపెనీ ఎల్ ఆ కంపెనీదే.

ఒక కొలతతో ఒళ్లంతా అంచనా వేయవచ్చా?

బెల్జియం శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 19వ శతాబ్దంలో 5,738 మంది స్కాట్లాండు సైనికుల ఛాతీ కొలతలను పరిశీలించాడు. ఎక్కువమంది 40 అంగుళాల చుట్టుపక్కల చేరారు. అక్కణ్నుంచి అటూ ఇటూ పోయేకొద్దీ సంఖ్య తగ్గుతూ వచ్చింది. 'సగటు మనిషి' అనే భావనకు ప్రచారం తెచ్చినవాడు ఆయనే. ఒక్క కొలత వరకే అయితే ఆ భావన బాగానే పనిచేస్తుంది. మధ్యలో ఉన్న గుంపుకు కుడితే చాలామందికి సరిపోతుంది. చిక్కంతా కొలతలు ఒకటికి మించినప్పుడు మొదలవుతుంది.

ఈ చిక్కును తేటతెల్లం చేసిన లెక్క అమెరికా వాయుసేనది. 1950లో అక్కడ నాలుగు వేలకు పైగా పైలట్ల ఒంటి కొలతలు తీశారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు వాటిలోంచి బట్టలు, పరికరాల రూపకల్పనకు పనికొచ్చే పది కొలతలు తీసుకున్నాడు. ప్రతి కొలతలోనూ నడిమధ్య ఉన్న సుమారు 30 శాతం మందిని 'సగటువాళ్లు' అని లెక్కవేశాడు. 4,063 మందిలో పదింటికి పది కొలతల్లోనూ సగటుగా ఉన్నవాళ్లు ఎందరో చూశాడు. ఒక్కరు కూడా లేరు. మెడ, తొడ, మణికట్టు అనే మూడే చుట్టుకొలతలు తీసుకున్నా, మూడింటిలో సగటుగా తేలినవాళ్లు 3.5 శాతంలోపే. పైలట్లుగా ఎంపికయ్యేటప్పుడే ఎత్తు, బరువుల హద్దులు దాటి వచ్చిన మగవాళ్లు వీళ్లు. ఊళ్లో ఉన్న అందరినీ, అన్ని వయసులవాళ్లనూ కలిపి తీసుకుంటే తేడాలు ఇంకా ఎక్కువ ఉంటాయి.

ఇలా ఎందుకవుతుంది? లెక్క చిన్నదే. ఒక కొలతలో నూటికి 30 మంది సగటు అనుకుందాం. రెండో కొలతకు మొదటిదానితో సంబంధమే లేకపోతే ఆ 30 మందిలో మళ్లీ 30 శాతం, అంటే 9 మందే మిగులుతారు. మూడో కొలత దాటేసరికి ముగ్గురికి కొంచెం తక్కువ. డేనియల్స్‌కు వచ్చిన సంఖ్య దీనికి ఎంత దగ్గరగా ఉందో గమనించాలి. మెడ లావును బట్టి తొడ లావును, తొడను బట్టి మణికట్టును అంచనా వేయడం మనం అనుకున్నంత సులభం కాదని ఆ దగ్గరితనం చెబుతోంది.

అలాగని కొలతలన్నీ పూర్తిగా ఎవరి దారి వారివి కావు. వాటిలో రెండు కుటుంబాలున్నాయి. ఎత్తు, చేతి పొడవు, కాలి పొడవు వంటివి పొడవు కొలతలు. ఛాతీ, నడుము, తుంటి, తొడ వంటివి చుట్టుకొలతలు. ఒకే కుటుంబంలోని కొలతలకు పరస్పరం చెప్పుకోదగిన పొత్తు ఉంటుంది. పొడగరి చేతులు సాధారణంగా పొడవే. కానీ ఒక కుటుంబం నుంచి రెండో కుటుంబాన్ని ఊహించబోతే దెబ్బతింటాం. 40 అంగుళాల ఛాతీ అయిదు అడుగుల నాలుగు అంగుళాల మనిషికీ ఉండవచ్చు, ఆరడుగుల మనిషికీ ఉండవచ్చు. ఛాతీ నంబరు మాత్రమే చూసి కుట్టిన చొక్కా చేతులు ఒకరికి వేళ్లను కప్పేస్తాయి, ఇంకొకరికి మణికట్టు పైనే ఆగిపోతాయి.

అమెరికా వ్యవసాయ శాఖ 1939–40లో దాదాపు 15,000 మంది స్త్రీల కొలతలు తీయించింది. ఒక్కొక్కరికి 59 కొలతలు. రూత్ ఓబ్రియన్, విలియం షెల్టన్ ఆ ఫలితాలను 1941లో ప్రచురించారు. ఒంటి మిగతా కొలతలను అంచనా వేయడానికి ఎత్తు, బరువు కలిసిన జత ఛాతీ కంటే మెరుగని అందులో తేలింది. ఒకటి పొడవు కుటుంబానికి, రెండోది చుట్టుకొలతల కుటుంబానికి ప్రతినిధులు కాబట్టి అది సహజమే. ఈ ఫలితం వచ్చి ఎనిమిది దశాబ్దాలు దాటింది. అయినా దుకాణంలో బట్ట మీద ఇప్పటికీ ఒక్క అంకే, ఒక్క అక్షరమే ఉంటోంది. వ్యాపారానికి అది సుఖం, కొనేవారికి కష్టం.

ఆ సుఖం ఎంతదో ఇంకో చిన్న లెక్క చెబుతుంది. ఛాతీకి ఆరు సైజులు, ప్రతి ఛాతీకీ మూడు పొడవులు, ప్రతి పొడవుకూ నాలుగు నడుములు పెడితే ఒక చొక్కాకు 72 రకాలవుతాయి. అయిదు రంగులైతే 360. ఏ దుకాణమూ ఒక్క డిజైనుకు ఇన్ని అరలు కేటాయించలేదు. అందుకే తయారీదారులు ఆరు సైజులతో సరిపెట్టి, ప్రతి సైజునూ వీలైనంత ఎక్కువమంది దూరగలిగేట్టు కొంచెం వదులుగా, తిన్నగా కత్తిరిస్తారు. రెడీమేడ్ చొక్కా ఎవరికైనా పడుతుంది, ఎవరికీ పూర్తిగా కుదరదు అన్న అనుభవం ఇక్కడ పుడుతుంది.

చదునైన గుడ్డ, వంపుల ఒళ్లు

కొలతలన్నీ సరిపోయినా బట్ట కుదరకపోవచ్చు. టేపు చుట్టును చెబుతుంది, ఆకారాన్ని చెప్పదు. ఇద్దరికి ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలే ఉండవచ్చు. ఒకరికి వీపు వెడల్పు, ఇంకొకరికి ముందుభాగం నిండు. ఒకే జాకెట్టు ఇద్దరికీ పనికిరాదు.

గుడ్డ చదునుగా ఉంటుంది, ఒంట్లో చదునైన చోటు దాదాపు ఎక్కడా లేదు. చదునైనదాన్ని గుండ్రం చేయడం మోదుగాకుతో దొన్నె కుట్టడం లాంటిది. ఆకు అంచును ఒకచోట మడిచి పుల్ల గుచ్చితే మధ్యలో గుంట పడుతుంది. మడత ఎంత లోతుగా వేస్తే గుంట అంత లోతు. దర్జీలు డాట్ అనీ టక్కు అనీ పిలిచే మడత చేసే పని అదే. జాకెట్టులో రొమ్ముకు చోటిచ్చేవి, నడుము దగ్గర గుడ్డను ఒంటికి దగ్గర చేసేవి ఈ మడతలే. మడత కొస ఎక్కడ ముగియాలో, ఎంత లోతు ఉండాలో ఒక్కొక్కరికి ఒక్కో తీరు. ఫ్యాక్టరీ ఒకే లోతు వేస్తుంది, లేదా ఖర్చు తగ్గించుకోవడానికి మడతే మానేస్తుంది. అప్పుడు ఆ పనిని సాగే గుడ్డకు అప్పగిస్తారు. 1958లో డ్యూపాంట్ కంపెనీ శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన ఎలాస్టేన్ దారం, అంటే లైక్రా పేరుతో అమ్ముడయ్యే దారం, ఇందుకు బాగా అక్కరకొచ్చింది. నూటికి రెండు మూడు పాళ్లు కలిపినా జీన్సు గుడ్డ ఒంటితో పాటు సాగుతుంది. సైజు పట్టికలో ఉన్న తప్పులను చాలావరకు కప్పిపుచ్చుతున్నది ఈ దారమే.

చంక దగ్గర జరిగేది ఇంకా ఆసక్తికరం. చెయ్యి పైకెత్తితే ప్యాంటులోకి దోపిన చొక్కా మొత్తం పైకి లేస్తుంది. బస్సులో పైన కమ్మీ పట్టుకున్న ప్రతివారికీ ఇది అనుభవమే. చంక కింద గుడ్డ మరీ చాలక ఇలా అవుతుందని అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు దీనికి పూర్తిగా ఎదురు. చేతి రంధ్రం మరీ పెద్దదిగా, కిందికి ఉంటుంది. చెయ్యి భుజం కీలు దగ్గర తిరుగుతుంది. చేతి గుడ్డ ఆ కీలుకు దగ్గరగా, అంటే చంకలోకి ఎత్తుగా అతుక్కుని ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది. కిందికి అతుక్కుని ఉంటే చెయ్యి లేచినప్పుడు పక్క గుడ్డనంతా వెంట లాక్కుపోతుంది. అనుభవమున్న దర్జీ చంకను ఎత్తుగా కత్తిరిస్తాడు. ఫ్యాక్టరీ అలా కత్తిరిస్తే చేతులు లావుగా ఉన్నవాళ్లకు అది పట్టేస్తుంది కాబట్టి, అందరికీ కలిసొచ్చేట్టు రంధ్రాన్ని కిందికి దించుతుంది.

ఒంటి కొలతకూ బట్ట కొలతకూ మధ్య ఉండే తేడాను వదులు అనవచ్చు. ఊపిరి పీలిస్తే ఛాతీ పెరుగుతుంది, కూర్చుంటే తుంటి పరుచుకుంటుంది, ముందుకు వంగితే వీపు సాగుతుంది. ఇందుకు వదిలేది కదలిక వదులు. దాని మీద డిజైనరు తన ఇష్టానికి చేర్చేది సొగసు వదులు. స్లిమ్ ఫిట్ చొక్కాలో సొగసు వదులు దాదాపు ఉండదు, వదులు కుర్తాలో బోలెడు ఉంటుంది. లేబుల్ మీద రెంటికీ 40 అనే రాస్తారు, ఎందుకంటే ఆ అంకె బట్టది కాదు, ఆ బట్ట ఎవరి కోసమో ఆ ఒంటిది. ఒకే నంబరు రెండు తీర్లుగా ఉండటానికి ఇది ఒక పెద్ద కారణం.

ఈ లెక్కలేవీ కాగితం మీద వేయకుండానే తెలుగు ఇళ్లలో ఒక మంచి పద్ధతి నడుస్తోంది. కొత్త జాకెట్టు కుట్టించేటప్పుడు బాగా కుదిరిన పాతదాన్ని ఆది జాకెట్టుగా దర్జీకి ఇస్తారు. టేపు కొలతలు పది తీసినా అందులోకి రానివి ఆది జాకెట్టులో ఉంటాయి. భుజం వాలు, డాట్ లోతు, మెడ దింపు, ఆ మనిషికి నచ్చే బిగువు అన్నీ అందులో కుట్టి ఉంటాయి. చీర గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. అయిదున్నర మీటర్ల చీర ఏ ఒంటికైనా సరిపోతుంది, ఎందుకంటే కుచ్చిళ్లు ఎన్ని పెట్టాలో కట్టుకునేవారే తేల్చుకుంటారు. పంచె, లుంగీ, బొందు పైజామా కూడా ఇంతే. కుదరడమనే భారమంతా జాకెట్టు మీద పడింది, దాన్ని దర్జీ మోస్తున్నాడు. ఆడవాళ్లు కుర్తీలకు, ప్యాంట్లకు మారేకొద్దీ ఆ భారం సైజు పట్టిక మీదికి వచ్చింది. అది దాన్ని మోయలేకపోతోంది.

ఉతికాక వచ్చే తేడా గుడ్డది. మగ్గం మీద పడుగు దారాలను లాగి బిగిస్తారు. నీళ్లు తగలగానే ఆ బిగువు సడలి దారం తన అసలు పొడవుకు వస్తుంది. బట్టలో పడుగు సాధారణంగా నిలువుగా ఉంటుంది కాబట్టి కుర్తా వెడల్పు కంటే పొడవు ఎక్కువ తగ్గుతుంది. 44 అంగుళాల కుర్తా మూడు శాతం ముడుచుకుంటే అంగుళానికి పైగా పోయినట్టే. శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930లో పేటెంటు పొందిన శాన్‌ఫొరైజింగ్ పద్ధతిలో గుడ్డను ఫ్యాక్టరీలోనే ముందుగా ముడుచుకునేట్టు చేస్తారు. చవక నూలు బట్టలకు ఈ ఖర్చు అన్నిసార్లూ పెట్టరు.

కత్తెర కింద, మిషను మీద

ఫ్యాక్టరీలో ముందుగా ఒక మధ్యస్థ సైజుకు నమూనా కుట్టి, ఆ కొలతలున్న ఒక మనిషికి తొడిగి సరిచేస్తారు. మిగతా సైజులను ఎవరికీ తొడిగి చూడనవసరం లేకుండా, ఆ నమూనాకే మెట్లు మెట్లుగా కొలత కలుపుతూ, తీసేస్తూ తయారుచేస్తారు. దీన్ని గ్రేడింగ్ అంటారు. ఛాతీకి రెండంగుళాలు కలిపిన ప్రతిసారీ భుజానికి, చేతికి, మెడకు ఇంత అని ఒక లెక్క ఉంటుంది. ఒళ్లు మాత్రం ఆ లెక్క ప్రకారం పెరగదు. లావైన మనిషి భుజం ఎముకలు ఛాతీతో పాటు వెడల్పు కావు. అందుకే నమూనాకు దూరమైన కొద్దీ, చిన్న సైజుల్లోనూ పెద్ద సైజుల్లోనూ బట్ట ఎక్కువ గతి తప్పుతుంది. డబుల్ ఎక్సెల్ చొక్కాల భుజాలు మోచేతి దారి పట్టడానికి కారణం ఇదే.

తర్వాత పదుల కొద్దీ పొరల గుడ్డను పేర్చి మిషను కత్తితో ఒక్కసారే కోస్తారు. పొరలు కొద్దిగా జరిగితే పై ముక్కకూ కింది ముక్కకూ తేడా వస్తుంది. కుట్టడం పలువురి చేతుల మీదుగా సాగుతుంది. చొక్కాకు రెండు పక్క కుట్లు, ఒక్కో కుట్టుకు రెండు అంచులు. నాలుగు అంచుల్లోనూ మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి పోతే మొత్తం 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అరంగుళం తగ్గుతుంది. తనిఖీలో అరంగుళం అటూ ఇటూ ఉన్నా ఒప్పుకుంటారు. అరంగుళం ఎక్కువున్న చొక్కా, అరంగుళం తక్కువున్న చొక్కా పక్కపక్కనే ఒకే 40 పేరుతో వేలాడతాయి. వాటి మధ్య తేడా అంగుళం, అంటే ఒక సైజుకూ తర్వాతి సైజుకూ ఉండే తేడాలో సగం.

ఎవరి ఒంటి లెక్క?

సైజు పట్టిక ఎవరిని కొలిచి తయారైందన్నది చివరి ప్రశ్న, న్యాయంగా చూస్తే మొదట అడగవలసిన ప్రశ్న. 1939–40 నాటి అమెరికా సర్వేలో తెల్లజాతి స్త్రీల కొలతలను మాత్రమే ఫలితాల్లో ఉంచారు. ఆ సమాచారం ఆధారంగా 1958లో అమెరికా ప్రభుత్వం స్త్రీల సైజులకు ఒక ప్రమాణం ప్రకటించింది. అది అందరికీ సరిపోలేదు. దాన్ని సవరించారు, 1983లో పూర్తిగా ఉపసంహరించారు. ఆ తర్వాత కంపెనీలు నంబర్లను తమకు నచ్చినట్టు మార్చుకున్నాయి. చిన్న నంబరు చూస్తే కొనేవారు సంతోషిస్తారని పెద్ద బట్టకు చిన్న నంబరు వేయడం మొదలైంది. 1958లో 12 అనిపించుకున్న బట్ట ఇవాళ అక్కడ సుమారుగా 6.

భారతదేశంలో ఇలాంటి సొంత పట్టిక చాలాకాలం లేదు. కంపెనీలు అమెరికా, బ్రిటన్ పట్టికలను కొద్దికొద్దిగా మార్చి వాడుకుంటూ వచ్చాయి. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల నగరంలో వేలాది తెలుగు స్త్రీలు ఎగుమతికి బట్టలు కుడతారు. వాళ్లు కుట్టేది విదేశీ ఒంటి కొలతలకు. కుట్టేవాళ్ల ఒళ్లకు తగిన పట్టిక మాత్రం దేశంలో లేకపోయింది. ఇది బాధ కలిగించే వాస్తవం. ఈ లోటు తీర్చడానికి కేంద్ర జౌళి శాఖ అండతో నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ 'ఇండియా సైజ్' పేరుతో జాతీయ సర్వే తలపెట్టింది. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25,000 మందిని ఆరు నగరాల్లో కొలవాలన్నది ప్రణాళిక. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, బెంగళూరు, షిల్లాంగ్‌లతో పాటు హైదరాబాదు అందులో ఉంది. టేపు బదులు ఒంటిని తాకకుండా కొన్ని సెకన్లలో అన్ని వైపుల నుంచీ చిత్రించే స్కానర్లను ఎంచుకున్నారు. చుట్టుకొలతలతో పాటు ఆకారం కూడా ఇందులో నమోదవుతుంది కాబట్టి, టేపుకు అందని భుజం వాలు, వీపు వంపు పట్టికలోకి వచ్చే వీలుంది.

కొనేటప్పుడు

సర్దుబాటు ఎక్కడ సులభమో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. పక్క కుట్లు లోపలికి తీయడం, చేతులు, కాళ్లు పొట్టి చేయడం ఏ వీధి దర్జీ అయినా చేస్తాడు. భుజం, చంక మార్చాలంటే చొక్కా సగం విప్పాలి. కాబట్టి చొక్కాను, కుర్తీని భుజం చూసి కొనాలి, నడుము తర్వాత తగ్గించుకోవచ్చు. ప్యాంటును తుంటి చూసి కొనాలి. వదులు చేయించుకోవాలంటే లోపలి కుట్టు దగ్గర గుడ్డ ఎంత వదిలారో తిరగేసి చూడాలి. చేతులు పైకెత్తి, ముందుకు వంగి, కుర్చీలో కూర్చుని చూడకుండా ట్రయల్ రూములోంచి బయటికి రాకూడదు. ఆన్‌లైన్‌లో కొనేవారు నంబరును నమ్మకుండా, ఇంట్లో బాగా కుదిరిన బట్టను నేల మీద పరచి కొలిచి, ఆ కొలతలను అమ్మేవారి పట్టికలోని బట్ట కొలతలతో పోల్చుకోవాలి. అక్కడ ఇచ్చింది ఒంటి కొలతో, బట్ట కొలతో ముందు చూసుకోవాలి.

యూరప్‌లో ఈఎన్ 13402 అనే ప్రమాణం ఉంది. లేబుల్ మీద చిన్న మనిషి బొమ్మ వేసి, ఆ బట్ట ఏ ఛాతీకి, ఏ నడుముకు, ఎంత ఎత్తుకు కుట్టారో సెంటీమీటర్లలో రాయడం దాని పద్ధతి. అందులో ఖర్చు పెద్దగా లేదు, అర్థం కాని అక్షరాలూ లేవు. ఇక్కడి బట్టల మీద కూడా అలాగే రాయమని కొనేవారు దుకాణాల్లో గట్టిగా అడగాలి.